మా గానుగ నూనెల సైటుకు మార్కులు వేయండి, మొహమాటం వద్దు

గానుగ_ఇల్లు (కదిరి)
అందరికీ నమస్కారం. కదిరి దగ్గర మాకు చిన్న కట్టె గానుగ ఉంది. వేరుశనగ, నువ్వులు, కుసుమ, కొబ్బరి ఆడిస్తాం. వేరుశనగ ఎక్కువగా మా చుట్టుపక్కల రైతులు పండించే కదిరి-6 రకమే. ఇన్నేళ్లూ జనం డబ్బాలు పట్టుకుని గానుగ దగ్గరికే వచ్చేవారు. బెంగళూరు, హైదరాబాద్‌లలో స్థిరపడిన మా ఊరివాళ్లు అడుగుతున్నారని ఈ మధ్య వెబ్‌సైట్ చేయించాం. చూసినవాళ్లంతా చాలా బాగుందంటున్నారు, ఆర్డర్లు మాత్రం రావడం లేదు. వచ్చే ఒకటీ అరా కూడా ఫోను చేసి చెప్పేవే. రంగులు, బొమ్మలు, అక్షరాలు, మెనూ అన్నీ చూసి పదికి ఎన్ని మార్కులో చెప్పండి. లంకె నా సభ్య పుటలో ఉంది.

పాతకాపు (విజయవాడ)
మార్కుల సంగతి తర్వాత చూద్దాం. లీటరు వేరుశనగ నూనె ఎంతండీ? మీ మొదటి పుటను అడుగు దాకా జరిపాను, ధర కనబడలేదు. గానుగ చుట్టూ ఎద్దు తిరిగే వీడియో ఉంది. "సంప్రదాయానికి ఊపిరి" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఖాతాదారుల మెచ్చుకోళ్లు ఉన్నాయి. మీ తాతగారి ఫోటో ఉంది, ఆయనకు నమస్కారం. ధర చూడాలంటే పైనున్న మూడు గీతలు నొక్కి, "మా ఉత్పత్తులు"లోకి వెళ్లి, "వంట నూనెలు" ఎంచుకుని, సీసా బొమ్మ మీద నొక్కాలి. అంత దూరం నడిచే ఓపిక ఎవరికి ఉంటుంది?

రంగులపెట్టె (హైదరాబాద్)
నేను డిజైనర్‌ని కాబట్టి కళ్లకు కనబడేదానితో మొదలుపెడతాను. ముదురు ఆకుపచ్చ, లేత గోధుమ రంగుల ఎంపిక బాగుంది, నూనె వ్యాపారానికి అతికింది. అయితే మీగడ రంగు నేపథ్యం మీద బంగారు రంగు అక్షరాలు వేశారు. రెండింటికీ మధ్య వెలుగు తేడాను (కాంట్రాస్ట్) కొలిస్తే 2.3 రెట్లు వచ్చింది. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఏసీ గదిలో పెద్ద మానిటర్ మీద చూస్తే అందంగానే ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో బస్టాండులో నిలబడి ఫోనులో చూడండి, ఏమీ కనబడదు. బంగారు రంగును గీతలకూ, అంచులకూ ఉంచుకుని, అక్షరాలను ఆ ముదురు ఆకుపచ్చలోకి మార్చండి. ఖర్చు లేని పని.

పాతకాపు గారూ, తాతగారి ఫోటో మీద వ్యంగ్యం వద్దు. ఊరూ పేరూ తెలియని చోట నూనె కొనేవాడికి మనిషి ముఖం కనబడితే నమ్మకం కలుగుతుంది.

పాతకాపు
వ్యంగ్యం కాదమ్మా, నమస్కారం నిజంగానే పెట్టాను. ఫోటో ధర కింద ఉండాలన్నదే నా గోల.

వేగనిరోధకం (విశాఖపట్నం)
మొదటి పుట బరువు 31 ఎంబీ వచ్చింది. అందులో ఎద్దు ఒక్కటే 22 ఎంబీ. మిగతావి ఫోనుతో తీసి తీసినట్టే ఎక్కించిన ఫోటోలు, ఒక్కోటి 4, 5 ఎంబీ. ఫోను తెర మీద ఆ బొమ్మ కనబడేది అరచేతిలో సగం మేర. దానికి వెడల్పు 1200 పిక్సెళ్లు చాలు. వెబ్‌పీ అనే తేలికైన బొమ్మ రూపంలోకి మారిస్తే ఒక్కోటి 150 కేబీ లోపే ఉంటుంది.

గూగుల్ పేజ్‌స్పీడ్ పరీక్షలో పెట్టి చూశాను. పుటలోని ముఖ్యభాగం కనబడటానికి 2.5 సెకన్లు దాటకూడదని వాళ్ల లెక్క. మీది 11 దాటింది. దానికంటే చికాకు పెట్టేది ఇంకొకటి ఉంది. సీసా మీద వేలు పెట్టబోతున్న క్షణంలో పైన పండగ బ్యానర్ ఊడిపడుతుంది, పుట మొత్తం కిందికి జారుతుంది. నేను నువ్వుల నూనె నొక్కబోతే "మా ప్రస్థానం" తెరుచుకుంది. బొమ్మ రాకముందే దానికి ఎంత స్థలం కావాలో కోడ్‌లో రాసి ఉంచితే ఈ జారుడు ఉండదు. మీ డెవలపర్‌కు ఈ మాట చెబితే అర్థమవుతుంది.

గోడమీదిపిల్లి
ఎద్దు రెండు చుట్లు తిరిగే లోపల నా డేటా అయిపోయింది.

అక్షరమేస్త్రి (తెనాలి)
ఎవరూ తెలుగు జోలికి పోలేదు కాబట్టి నేను వెళ్తాను. ప్రెస్సులో పుట్టి పెరిగినవాడిని, ఓపిగ్గా చదవండి.

మీ సైటులో తెలుగు శీర్షికలన్నీ బొమ్మలు. "స్వచ్ఛమైన గానుగ నూనె" అన్న మాటను వేలితో పట్టి కాపీ చేయబోతే రాలేదు. జరిగింది ఊహించగలను. పాంఫ్లెట్ వేసిన డీటీపీ సెంటరులో అనూ ఫాంట్లలో కొట్టించారు. ఆ పాఠాన్ని సైటులో అతికిస్తే గజిబిజి గుర్తులు వచ్చి ఉంటాయి, విసిగి బొమ్మగా చేసి పెట్టేశారు. అనూ యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి కాదు. అచ్చుకు బాగానే పనికొస్తుంది, వెబ్‌కు పనికిరాదు. బొమ్మలోని తెలుగును గూగుల్ వెతుకులాట సరిగా పట్టుకోదు, ఫోనులో పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. మీ ఊరి పేరు, నూనె పేరు కొట్టి వెతికినవాళ్లకు మీ సైటు దొరకకపోవడానికి ఇది పెద్ద కారణమే అయి ఉండాలి. ఆ మాటలన్నీ యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. పట్టుమని వంద మాటలు లేవు, ఒక పూట పని.

ఇక బొమ్మలు కాని చోట, అంటే "మా కథ" పుటలో, వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు పెట్టినట్టు పెట్టారు. తెలుగుకు పైన గుడులు, దీర్ఘాలు ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. మీ రెండో పేరాలో పై వరుసలోని "రాష్ట్ర" కింద ఉన్న వత్తు వచ్చి కింది వరుసలోని "గింజ" గుడి మీద కూర్చుంది. రెండూ చదవడానికి రావడం లేదు. అక్షరం ఎత్తుకు 1.2 రెట్లున్న ఆ దూరాన్ని 1.7 చేయండి. అక్షరాలను కొంచెం పెద్దవి చేయండి, 16 పిక్సెళ్లు ఉన్నచోట 18. అటూ ఇటూ అంచులు సమంగా ఉండాలని లాగి పరిచారు, దానివల్ల ఫోనులో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడ్డాయి. ఎడమవైపు ఆనించి వదిలేయండి.

ఫాంటు కోసం డబ్బు పెట్టాల్సిన పని లేదు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు ఉంది, మండలి ఉంది, శీర్షికలకు బొద్దుగా రామభద్ర ఉంది. నా ఓటు మండలికి. (మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టిన ఫాంటు అది. 1975 ప్రపంచ తెలుగు మహాసభల నాటి విద్యాశాఖ మంత్రి. అక్షరానికి తగిన పేరే.)

గానుగ_ఇల్లు
మేస్త్రి గారూ, పక్కన నిలబడి చూసినట్టు చెప్పారు. పాంఫ్లెట్ సీడీనే డెవలపర్‌కు ఇచ్చాం. ధర మొదటి పుటలో వద్దన్నది కూడా ఆయనే. ముందు కథ చెప్పాలి, ధర చూస్తే బెదిరిపోతారు అన్నారు. మా నూనె ధర బజారు ప్యాకెట్ కంటే ఎక్కువ కదా, నాకూ నిజమే అనిపించింది.

కొట్టు_వ్యాపారి (రాజమహేంద్రవరం)
నేను పచ్చళ్లు అమ్ముతాను, సైటు లేదు. వాట్సాప్ కేటలాగ్, యూపీఐ, ఒక కొరియర్, అంతే. మా ఆవిడ మాటల్లోనే బేరం అయిపోతుంది. ధర దాచాలా, చూపాలా అన్న చర్చే ఉండదు. ఈ చిన్న వ్యాపారాలకు సైటు ఎందుకండీ అసలు? ఆ డబ్బుతో ఇంకో నాలుగు బస్తాల గింజలు కొనుక్కోవచ్చు.

పాతకాపు
మీకు ఇప్పటికే తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లకు వాట్సాప్ చాలు. మీ పేరు తెలియనివాడు రాత్రి పదకొండింటికి "గానుగ నూనె ధర" అని వెతుకుతాడు. వాడికి మీ కేటలాగ్ కనబడదు. పైగా ఆ నంబరు ఏదో కారణంగా ఆగిపోతే మీ దుకాణం మొత్తం ఆగిపోతుంది. వాట్సాప్ ఉండాలి, గూగుల్ మ్యాప్‌లో వ్యాపార ఖాతా ఉండాలి, సైటు కూడా ఉండాలి. సైటు అంటే మహల్ అక్కర్లేదు. నాలుగు సీసాలు, నాలుగు ధరలు, ఒక ఫోను బటన్, ఆర్డర్ ఫారం.

గానుగ_ఇల్లు గారికి: ధర చూసి బెదిరేవాడు నాలుగు పుటల తర్వాత చూసినా బెదురుతాడు. తేడా ఏమిటంటే అప్పటికి వాడి డేటా, మీ మీద ఉన్న మంచి అభిప్రాయం రెండూ ఖర్చవుతాయి. ధర పక్కనే కారణం రాయండి. లీటరు నూనెకు మీ దగ్గర ఎన్ని కిలోల పప్పు పడుతుందో మీకు తెలుసు కదా, ఆ లెక్క ఒక్క వాక్యంలో చెప్పండి. మీ పుటలోని కవిత్వం మొత్తం కంటే ఆ వాక్యం బాగా పని చేస్తుంది.

రంగులపెట్టె
ఇక్కడ నేను ఒప్పుకుంటాను. కాకపోతే "నాలుగు సీసాలు, నాలుగు ధరలు" అని డిజైన్‌ను తీసిపారేయకండి. అదే సమాచారం వికారంగా పరిచి ఉంటే, కార్డు నంబరు ఇవ్వడానికి నాకు చేయి రాదు. నకిలీ సైట్ల కాలం ఇది. పొందిక అనేది కూడా వాడకంలో భాగమే.

ఇంకో మాట. ఆ ఎద్దు వీడియో మీదేనా? అదే ఎద్దును ఇంకో నూనెల సైటులో చూసినట్టు గుర్తు.

గానుగ_ఇల్లు
మాది కాదండి. మాది మోటారుతో తిరిగే కట్టె గానుగ. వీడియో డెవలపర్ ఎక్కడో కొని పెట్టారు.

రంగులపెట్టె
వెంటనే తీసేయండి! వేగనిరోధకం గారి 22 ఎంబీ సమస్య కూడా దాంతోనే తీరుతుంది. ఎద్దు గానుగ అనుకుని కొన్నవాడు రేపు మీ ఊరు వచ్చి మోటారు చూస్తే మోసం అంటాడు. మోటారు గానుగలో సిగ్గుపడాల్సింది ఏముంది? కట్టె రోలు, కట్టె రోకలి, అందులో నలుగుతున్న పప్పు, కింద పడుతున్న నూనె ధార. ఉదయం కిటికీ వెలుతురులో ఫోనుతో తీయండి. వంకరగా వచ్చినా మీది మీదే.

పద్దు_పుస్తకం (గుంటూరు)
నేను లెక్కల మనిషిని. కొనడం చివరిదాకా వెళ్లి చూశాను, డబ్బు మాత్రం కట్టలేదు. లీటరు సీసా పుటలో ధర ₹380. బుట్టలోకి వెళ్లాక 5 శాతం జీఎస్టీ అని ₹19 కలిసింది. చిరునామా ఇచ్చాక ప్యాకింగ్ ₹25, డెలివరీ ₹120. చివరి తెరలో "గోశాలకు విరాళం ₹10" అని, ముందే టిక్కు పెట్టి ఉంది. మొత్తం ₹554. అక్కడి దాకా వచ్చి ఎంతమంది వెనక్కి పోతున్నారో మీ డెవలపర్‌ను అడగండి, లెక్క ఉంటుంది.

ఇది డిజైన్ లోపం మాత్రమే కాదు, చట్టంతో పేచీ. సీసా మీద ముద్రించే ఎంఆర్‌పీ అన్ని పన్నులూ కలిపినదే. దాని మీద మళ్లీ జీఎస్టీ వేయడానికి వీల్లేదు. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్కు పెట్టి కొనుగోలుదారు సమ్మతి తీసుకోకూడదు. 2023 నవంబరులో కేంద్రం మోసపు డిజైన్ల మీద మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను పేర్లతో చెప్పింది. మీ చివరి తెరలో రెండు ఉన్నాయి: ఖర్చులను చుక్క చుక్కగా బయటపెట్టడం, అడగనిదాన్ని బుట్టలో వేయడం. "ఇంకా 2 సీసాలే మిగిలాయి" అని ఎర్రగా మెరుస్తున్నది మూడోది, అది నిజం కాకపోతే. నిజమేనా?

గానుగ_ఇల్లు
ఆ రెండు సీసాల మాట సైటు మొదలైనప్పటి నుంచీ అలాగే ఉందండి. మారదు.

గోడమీదిపిల్లి
అక్షయ సీసాలు.

పద్దు_పుస్తకం
తీసేయండి. విరాళం పెట్టె ఉంచాలనుకుంటే టిక్కు లేకుండా ఉంచండి. ప్యాకింగ్‌ను ధరలో కలిపేయండి. డెలివరీ ఎంతో సీసా పుటలోనే పిన్‌కోడ్ అడిగి చెప్పండి.

ఇంకా కొన్ని ఉన్నాయి. సైటులో "1 కేజీ" అని రాశారు, ఫోటోలో సీసా మీద "1 లీటరు" అని ఉంది. నూనె లీటరు సుమారు 910 గ్రాములే తూగుతుంది. ఐదు లీటర్ల డబ్బా దగ్గరకు వచ్చేసరికి అరకిలో దాకా తేడా. రెండూ రాయండి, "1 లీటరు (910 గ్రా.)" అని. వంట నూనెల ప్యాకింగ్ మీద కేంద్రం 2022లో ఇచ్చిన ఆదేశంలో పరిమాణమూ బరువూ రెండూ వేయమన్నది ఇందుకే. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు సైటులో ఎక్కడా లేదు, పుట అడుగున పెట్టండి. వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోను కూడా ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

"మా నూనెతో మధుమేహం మాయం" అన్న వాక్యాన్ని ఈ రాత్రికే తీసేయండి. రోగాలు నయం చేస్తామని ప్రకటించడం మీద 1954 నుంచే చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. "కొలెస్ట్రాల్ లేదు" అన్నది కూడా గొప్ప కాదు, మొక్కల నూనె దేనిలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు.

డాలస్_కోడలు (టెక్సస్)
నా కష్టం వేరు. గుంటూరులో ఉన్న అత్తయ్యగారికి కుసుమ నూనె పంపిద్దామని మీ సైటులో ప్రయత్నించాను. ఫోను నంబరు దగ్గర పది అంకెలే తీసుకుంటోంది, ముందు +91 అచ్చువేసి ఉంది. నా నంబరుకు ముందు +1. సరే అని అత్తయ్యగారి నంబరు ఇస్తే ఓటీపీ ఆవిడకు వెళ్లింది. అప్పుడు అక్కడ తెల్లవారుజామున రెండు గంటలు. ఆవిడను లేపడం ఇష్టం లేక మానేశాను. మర్నాడు మళ్లీ మొదలుపెడితే కార్డు దగ్గర ఆగింది.

నాలాంటివాళ్లకు కావలసింది మీ నూనె అమెరికాకు రావడం కాదు. కొనేవారు వేరు, అందుకునేవారు వేరు అని మీ ఫారానికి తెలియడం. రెండు పేర్లు, రెండు నంబర్లు పెట్టండి. డెలివరీ అబ్బాయి అత్తయ్యగారికి ఫోను చేయాలి, రసీదు నాకు రావాలి.

వేగనిరోధకం
విదేశీ కార్డులు ఊరికే చెల్లవు. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థ) వాళ్లకు వేరుగా దరఖాస్తు పెట్టి తెరిపించుకోవాలి. చిన్న వ్యాపారులు చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇక ఓటీపీ ఎందుకు అసలు? ఇది బ్యాంకు కాదు. ఖాతా తెరవకుండా కొనే దారి ఉంచండి.

ఆ ఫారం గురించి నేనూ రాయాలనుకున్నాను. జిల్లాల పట్టీలో ఆంధ్రప్రదేశ్‌కు ఇంకా పాత 13 జిల్లాలే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అవి 26 అయ్యాయి. గానుగ_ఇల్లు గారూ, మీ కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మీ సైటులో మీ జిల్లాయే లేదు! అసలు ఆ పట్టీయే అనవసరం. ఆరంకెల పిన్‌కోడ్ కొడితే రాష్ట్రం, జిల్లా వాటంతట అవే నిండేలా చేయవచ్చు. అడిగే గడులు 14 ఉన్నాయి. పేరు, ఫోను, పిన్, ఇంటి నంబరుతో వీధి, గుర్తుగా దగ్గరలో ఏముందో, ఇవి చాలు. పుట్టినరోజు ఎందుకు అడిగారో నాకు అర్థం కాలేదు.

చీకటివెలుగు (కర్నూలు)
నాకు చూపు లేదు, ఫోనులో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. మీ సైటు నాకు ఎలా వినబడిందో చెబుతాను. మొదటి పుట తెరిచాను. "ఐఎంజి అండర్‌స్కోర్ 2043. ఐఎంజి అండర్‌స్కోర్ 2044. బటన్. బటన్. బటన్." అంతే. అవి ఫోటోల ఫైలు పేర్లు. ఏ బటన్ ఏమిటో తెలియదు. సీసాల ఫోటోలకు వివరణ రాయలేదు, శీర్షికలు బొమ్మలని మేస్త్రి గారు చెప్పనే చెప్పారు. మీరు అమ్మేది నూనె అని నాకు ఈ చర్చ చదివాకే తెలిసింది.

ప్రతి ఫోటోకు "వేరుశనగ నూనె, 1 లీటరు గాజు సీసా" అని ఒక వాక్యం, ప్రతి బటన్‌కు ఒక పేరు. నా ఒక్కడి కోసం కాదు, బొమ్మలు తెరుచుకోని చోట అందరికీ ఆ మాటలే కనబడతాయి.

రంగులపెట్టె
దీనికి నా దగ్గర ఎదురు వాదన లేదు. ముందు ఇది చేయండి, రంగులు తర్వాత.

పాతకాపు
మేమందరం సైట్లు చూసే అలవాటున్నవాళ్లం, మా కళ్లు చెడిపోయాయి. గానుగ_ఇల్లు గారూ, ఒక పని చేయండి. సైటును ఎప్పుడూ చూడని మనిషి చేతిలో వారి ఫోనునే పెట్టి, "రెండు లీటర్ల వేరుశనగ నూనె మీ ఇంటికి తెప్పించుకోండి" అని మాత్రం చెప్పండి. తర్వాత నోరు మూసుకుని చూడండి. "అక్కడ నొక్కండి" అన్నారా, పరీక్ష చెడిపోయినట్టే. సైట్ల వాడకం మీద నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, ఐదుగురిని ఇలా కూర్చోబెడితే పెద్ద లోపాల్లో చాలావరకు బయటపడతాయని. వందమందిని సర్వే చేయక్కర్లేదు. "ఎలా ఉంది?" అని అడగవద్దు. అడిగితే బాగుందనే అంటారు, మన జనం మర్యాదస్తులు.

గానుగ_ఇల్లు
చేశాను. ఎదురింటి టీచరమ్మగారిని, ఎరువుల కొట్టులో పనిచేసే అబ్బాయిని, నూనె కోసం వచ్చిన ఒక పెద్దాయనను కూర్చోబెట్టాను. మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో!

టీచరమ్మగారు సీసా బొమ్మ మీద నొక్కారు. అది పెద్దదయింది తప్ప కొనే చోటుకు వెళ్లలేదు. మళ్లీ నొక్కారు. వెనక్కి వచ్చి ఈసారి పేరు మీద నొక్కారు, ఏమీ కాలేదు. "కొనండి" అన్న బటన్ కింద ఉంది, మీరు చెప్పిన ఆ బంగారు రంగులో. అది బటన్ అనుకోలేదట, ముగ్గు అనుకున్నారట. పిన్‌కోడ్ దగ్గర అక్షరాల కీబోర్డు వచ్చింది, అంకెల కోసం వెతుక్కున్నారు. అన్నీ నింపాక కీబోర్డు తెరను సగం కప్పేసింది, "తరువాత" బటన్ దాని వెనకే ఉండిపోయింది. "అయిపోయిందా?" అని నన్ను చూశారు. నేను పాతకాపు గారి మాట తలచుకుని పైకప్పు చూశాను. ఆవిడ ఫోను పక్కన పెట్టి, "సాయంత్రం పిల్లాడితో డబ్బా పంపిస్తాను, నింపి ఇవ్వండి" అన్నారు.

ఎరువుల కొట్టు అబ్బాయి చివరిదాకా వెళ్లాడు, ₹554 చూసి నవ్వి ఇచ్చేశాడు. పెద్దాయన మాత్రం నేరుగా ఫోను నంబరు మీద నొక్కారు. అది కలవలేదు, ఎందుకంటే నంబరు కూడా బొమ్మే.

వేగనిరోధకం
నంబరు నొక్కగానే ఫోను కలిసేలా చేయడం ఒక్క వరుస కోడ్. వాట్సాప్‌కు కూడా అలాంటి లంకె ఉంది, నొక్కగానే మీతో సంభాషణ తెరుచుకుంటుంది. పిన్, ఫోను గడుల్లో అంకెల కీబోర్డు రావడానికి ఒక్క మాట చేర్చాలి. బటన్ ఎత్తు కనీసం 48 పిక్సెళ్లు ఉండనివ్వండి. నూనె అంటిన వేళ్లతో నొక్కేవాళ్లు కదా.

కొట్టు_వ్యాపారి
ఆ టీచరమ్మగారి మాట విన్నారా? "నింపి ఇవ్వండి" అన్నారు. అదే నేను చెబుతున్నది. మన బేరం మనుషులతో.

పాతకాపు
ఆవిడ ఎదురింట్లో ఉన్నారు కాబట్టి అనగలిగారు. కూకట్‌పల్లిలో ఉండే వాళ్లబ్బాయి ఏం చేస్తాడు?

పద్దు_పుస్తకం
డొమైన్, అంటే మీ సైటు పేరు, ఎవరి పేరు మీద ఉందో చూసుకున్నారా? చాలాచోట్ల డెవలపర్ తన పేరుతో కొనేస్తాడు, తర్వాత మాట తేడా వస్తే మీ పేరే మీకు దక్కదు. నమోదు వివరాల్లో మీ పేరు, మీ ఈమెయిల్ ఉండాలి. హోస్టింగ్ (సైటును ఉంచే చోటు) పాస్‌వర్డు మీ దగ్గర ఉండాలి. ధర మార్చడానికి ప్రతిసారీ ఎవరికో ఫోను చేయాల్సి వస్తే అది మీ దుకాణం కానట్టే.

గానుగ_ఇల్లు
ధర మార్చాలంటే ఆయనకే చెప్పాలి, మార్చిన ప్రతిసారీ డబ్బు. గింజ ధర సీజనులో వారం వారం మారుతుంది, అందుకని సైటులో ధర ఎప్పుడూ పాతదే ఉండేది. డొమైన్ సంగతి చూశాను, ఆయన పేరు మీదే ఉంది. మాట్లాడితే మార్చి ఇస్తానన్నారు. రాతపూర్వకంగా అడిగాను.

అక్షరమేస్త్రి
మంచి పని చేశారు. ఈలోగా అనూ పాఠం నాకు పంపండి, యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను. మార్పిడి సాధనాలు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, కంటితో దిద్దాలి. డబ్బు వద్దు, తెలకపిండి ఉంటే పంపండి, మా ఇంట్లో కూర చేస్తారు.

గానుగ_ఇల్లు
(కొన్ని వారాల తర్వాత) తెలకపిండి మేస్త్రి గారికి చేరింది. సైటు మార్పులు కొన్ని పూర్తయ్యాయి. డొమైన్ మా పేరు మీదికి వచ్చింది. ధరలు నేనే మారుస్తున్నాను. ఎద్దు వెళ్లిపోయింది. మొదటి పుటలో నాలుగు నూనెలు, ధరలు, ఆడించిన తేదీ, పిన్‌కోడ్ గడి. ఆడించిన తేదీ ఆలోచన మా ఆవిడది. ఫోనులో అందరూ మొదట అడిగేది అదేనట, "ఎప్పుడు ఆడించింది?" అని. "సీసా అడుగున మడ్డి కనబడితే చెడిపోయినట్టు కాదు, వడపోయకుండా తేరబెట్టిన నూనె" అని ఇంకో వాక్యం పెట్టాం. దాంతో మడ్డి గురించి వచ్చే ఫోన్లు తగ్గాయి. పిన్‌కోడ్ కొట్టగానే డెలివరీ ఖర్చు చూపిస్తోంది. విదేశీ కార్డులకు దరఖాస్తు పెట్టాం, అనుమతి ఇంకా రాలేదు.

ఒక చిక్కు మిగిలింది. వాట్సాప్ గుర్తు కుడివైపు అడుగున తేలుతూ ఉంటుంది. చిన్న ఫోన్లలో అది "కొనండి" బటన్ మీదికి వస్తోంది. ఏది తీసేయాలి?

రంగులపెట్టె
రెండూ ఉంచండి, తేలడం ఒక్కటే మానిపించండి. తెర అడుగున ఒకే పట్టీలో ఎడమవైపు ఫోను, మధ్యలో వాట్సాప్, కుడివైపు వెడల్పుగా "కొనండి". కొత్త ఫోటోలు చూశాను. రోకలి ఫోటోలో వెనకాల ప్లాస్టిక్ బకెట్ ఉంది, అది తీసి మళ్లీ తీయండి. మిగతావి బాగున్నాయి, నిజంగానే.

డాలస్_కోడలు
అందుకునేవారి గడి పెట్టినందుకు సంతోషం. కార్డుకు అనుమతి వచ్చేదాకా ఒక ఉపాయం చెప్పనా? ఆర్డర్ నేను పెడతాను, చెల్లించే లంకె అత్తయ్యగారి వాట్సాప్‌కు వెళ్లేలా చేయండి. ఆవిడ యూపీఐలో కడతారు. ఆవిడకు నాకంటే బాగా వచ్చు.

చీకటివెలుగు
ఇప్పుడు అన్నీ వినబడుతున్నాయి, ఆర్డర్ నేనే సొంతంగా పెట్టుకున్నాను. ఒక్కటి మిగిలింది. కుసుమ నూనె పేరు, ధర చదివింది, కొనబోతే బటన్ పని చేయలేదు. మా తమ్ముడిని అడిగితే పక్కన ఎర్ర చుక్క ఉంది, నిల్వ లేదని అర్థం అన్నాడు. చుక్క నాకు వినబడదు.

గానుగ_ఇల్లు
మార్చాం. చుక్క పక్కన "నిల్వ లేదు, కొత్త కుసుమలు రాగానే ఆడిస్తాం" అని రాశాం, బటన్ మీద కూడా అదే మాట. మరొకసారి చూసి చెప్పగలరా?

చీకటివెలుగు
చదివింది. రాగానే ఫోను చేయండి, రెండు లీటర్లు నాకు.